ఎజ్రా గారి దీపానికి వేళ చెప్పిన మనిషి

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసం రాస్తున్నవాడు అతిశయోక్తిపరుడు. మా ఇంట్లో వేలెడంత బొద్దింక కనబడితే నా కథనంలో అది మూరెడై, మీసం దువ్వి, నన్నే ఎవరు నువ్వని నిలదీస్తుంది. పెళ్ళయిన మొదటి వారంలోనే మా ఆవిడ ఒక సూత్రం కనిపెట్టింది: నేను ఏం చెప్పినా నాలుగుతో భాగించుకుని వినాలి. ఇన్నేళ్ళుగా మా కాపురం ఆ భాగహారం మీదే సజావుగా నడుస్తోంది. మీరూ అలాగే చదువుకోండి. ఒక్క వాక్యాన్ని మాత్రం దేనితో భాగించినా అది అంతే ఉంటోంది. కామేశ్వరరావు గారు ఇక లేరు.

ఆ వార్త అందేటప్పటికి నేను సింగపూరులో ఎక్స్‌పో స్టేషను దగ్గర ఫుడ్ కోర్టులో ఉన్నాను. టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకున్న, అంటే నాదని ఆపుకున్న కుర్చీలో కూర్చుని, పళ్ళెంలో హిమాలయమంత నూడుల్సు పెట్టుకుని, మొదటి ముద్ద నోటిదాకా తెచ్చాను. ఫోను వెలిగింది. వాళ్ళమ్మాయి మేఘన. "అంకుల్, నాన్న పోయారు. ఇంట్లోనే. 7.40. ప్లీజ్ కమ్." అంత దుఃఖంలోనూ పిల్ల వేళ వేయడం మరవలేదు. ఆయన కూతురు మరి. సంస్మరణ వ్యాసాల్లో 'అశనిపాతం' అన్న మాట కనబడినప్పుడల్లా లోలోపల నవ్వుకునేవాణ్ణి, పిడుగు పడితే ఈ రాసేవాడికి చెయ్యెలా ఆడుతోందని. చప్పుడు లేని పిడుగులు కూడా ఉంటాయని ఆ సాయంత్రం తెలిసింది. ఫోర్కు కింద పెట్టేశాను. ఆ నూడుల్సు ఏమయ్యాయో ఇప్పటికీ తెలియదు.

కాలగణనా ధురంధరుడు, పంచాంగ పారావార పారీణుడు, తిథివారనక్షత్ర సార్వభౌముడు అయిన కామేశ్వరరావు గారు చూడ్డానికి అయిదడుగులు మించరు. చొక్కా జేబులో రెండు పెన్నులుండేవి, రెండూ రాయవు. విజయనగరం దగ్గర పల్లెలో పుట్టి, చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు తాలూకు పెరటి ఆఫీసులో తేలారు. పదహారేళ్ళు మా ఇద్దరివీ పక్క పక్క కుర్చీలు. ఆయన పనల్లా తేదీలు. ఏ దేశంలో ఏ రోజు సెలవు, ఏ ఊళ్ళో గడియారం గంట ముందుకు జరుగుతుంది, ఏ ఏడు ఫిబ్రవరి ఒకరోజు లావెక్కుతుంది, అన్నీ ఆయన ప్రోగ్రాముల్లోనే ఉండేవి. మిగతా మా అందరికీ తేదీ అంటే అంకె. ఆయనకు మాత్రం మనిషి. "తేదీ తప్పితే చుట్టం వీధిలో నిలబడ్డట్టే ప్రసాదూ" అనేవారు. "వాళ్ళు వేళకే వస్తారు. తలుపు తియ్యని వాళ్ళం మనమే."

రాహుకాలంలో ప్రోగ్రాము విడుదల చేయనిచ్చేవారు కాదు. అలాగని చైనీయుడైన మా మేనేజరుతో రాహువు సంగతి చెబుతారా? "ఆ గంటన్నరా సర్వర్ మీద ఒత్తిడి ఎక్కువ సార్" అనేవారు. మేనేజరు నమ్మాడు. నమ్మి నమ్మి ఒకరోజు ఆయన కుర్చీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "రావ్, శనివారం కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నా. సర్వర్ మీద ఒత్తిడి ఎప్పుడు తక్కువుంటుంది లా?" అని అడిగాడు. ఈయన కళ్ళజోడు సవరించుకుని, "పది ముప్పావు దాటాక సార్" అన్నారు. అప్పట్నుంచి మా ఆఫీసులో పిల్లల పరీక్షలకీ, పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికీ, చివరికి ఒకడి పెళ్ళిచూపులకీ సర్వర్ మీద ఒత్తిడే ముహూర్తం.

ఇలాంటి మనిషి పక్కింట్లోనే మోజెల్ ఆంటీ ఉండడం విధి అంటాను నేను. మా ఆవిడ మాత్రం గృహనిర్మాణశాఖ ఫ్లాట్లు పంచే లాటరీ అంటుంది. బెడోక్‌లో తొమ్మిదో అంతస్తు. ఆంటీ యూదురాలు. తాతల నాడు బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా ఇక్కడికొచ్చిన కుటుంబం. ఎనభై దాటాయి, పిల్లల్లేరు, భర్త ఎజ్రా గారు పోయి అప్పటికే కొన్నేళ్ళు. ఆవిడ ఇంగ్లీషును నేను తెలుగులోకి దింపుతున్నాను కాని సింగపూరువాళ్ళు మాట చివర తగిలించే 'లా' మాత్రం ఆవిడదే.

ఒకరోజు కామేశ్వరరావు గారు ఆఫీసుకు బయల్దేరుతుంటే ఆంటీ తలుపు ముందు ముక్కాలిపీట వేసుకుని, భూతద్దంతో ఒక కాగితపు క్యాలెండరు గాలిస్తోందట.

"ఏం వెతుకుతున్నారు ఆంటీ?"

"నా మొగుణ్ణి."

ఈయన బ్యాగు కింద పెట్టారు.

"ఈ కాగితంలో ఎక్కడో ఉన్నాడు లా. అక్షరాలు చీమలైపోయాయి. నిరుడు కూడా ఇలాగే వెతికాను. దొరికేసరికి ఆయన రోజు వెళ్ళిపోయింది."

సంగతి ఏమిటంటే, వాళ్ళ నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. ఎజ్రా గారు పోయిన రోజు ఇంగ్లీషు తేదీల్లో ఏటా ఒకచోట నిలవదు. ఆ రోజు వస్తే గాజుగ్లాసులో నూనె పోసి, వత్తి వేసి, ఒక దినమంతా ఆరకుండా దీపం పెట్టాలి. ఆంటీ ఫోను ఎత్తి చూపించింది. "ఇది నా కంటి చుక్కలు గుర్తు చేస్తుంది. పళ్ళ డాక్టర్ని గుర్తు చేస్తుంది. ఎజ్రాని గుర్తు చెయ్యదా?"

ఆ ప్రశ్నకు జవాబుగా కామేశ్వరరావు గారు ఒక వెబ్ యాప్ కట్టారు. మనిషి పోయిన తేదీ ఒక్కసారి రాస్తే చాలు. అది హీబ్రూ తేదీ కనుక్కుని, వచ్చే ఏళ్ళన్నిటిలోనూ ఆ రోజు ఎక్కడ పడుతుందో లెక్కకట్టి, నేరుగా ఫోనులోని క్యాలెండరులో కూర్చోబెడుతుంది. చెప్పడానికి ఇంతే. కట్టడానికి మూడు నెలల శనాదివారాలు, ఆంటీ భోజనాల బల్ల మీద నాలుగు వందల కాఫీలు, ఆయన భార్య అన్నపూర్ణ వదిన గారి సహనం మొత్తం ఖర్చయ్యాయి. దానికి పేరు పెట్టడం మాత్రం ఆయనకు చేతకాలేదు. చివరిదాకా ఆ ఫైలు పేరు 'ఆంటీ ఫైనల్ ఫైనల్ రెండు'.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం రైల్లో ఉండగా నాకు ఫోను.

"ప్రసాదూ, దొరికేశారయ్యా."

"ఎవరండీ?"

"మన చుట్టాలు. వీళ్ళకీ అధికమాసం ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు. ఇంచుమించు మనలాగే."

"అయితే ఏమిటండీ?"

"ఏమిటంటావేమయ్యా. సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ ఇద్దర్నీ నొప్పించకుండా కాపురం చేసేవాళ్ళం మనమే అనుకున్నా. వీళ్ళ అధికమాసం మహా బుద్ధిమంతురాలు, వచ్చినప్పుడల్లా ఒకేచోట కూర్చుంటుంది. మనది తిరుగుబోతు."

రైలు దద్దరిల్లేలా నవ్వారు. నా పక్కన నిలబడ్డ మలయా పెద్దాయన ఆ నవ్వు నా ఫోనులోంచి విని తనూ నవ్వాడు. బాగ్దాదుకీ విజయనగరానికీ ఆ క్షణంలో వియ్యం కుదిరిపోయింది. ఆ ఆనందమే ఆయన కొంప ముంచింది. ఇంత పోలిక కలిశాక తక్కినదంతా కూడా మనలాగే ఉంటుందనుకున్నారు.

ఎజ్రా గారి రోజు వచ్చింది. వారం మధ్యలో ఏదో సెలవు పడింది. వదిన గారి పెసరట్ల కోసం నేను పొద్దున్నే బెడోక్ చేరి, ఆరోది పూర్తిచేసి, ఏడోదానికి శాస్త్రసమ్మతమైన కారణం వెతుకుతున్నాను. తెల్లవారగానే సూర్యబింబం సముద్రంలోంచి తల ఎత్తిన నిమిషానికే ఆంటీ ఫోను మోగిందట. సింగపూరు సూర్యోదయాన్ని సెకన్లతో సహా లెక్కకట్టిన ఘనత గురించి ఈయన నాకు మూడోసారి వర్ణిస్తున్నారు. అప్పుడు గుమ్మంలో ఆంటీ నిలబడింది. కోపం లేదు. ఉంటే బాగుండును.

"రావ్, నీ ఫోను ఆలస్యంగా మోగింది."

"ఎంత ఆలస్యం ఆంటీ? మూడు సెకన్లా?"

"ఒక రాత్రి."

ఈయనకు అర్థం కాలేదు.

"పొద్దున్న దీపం పెట్టి మా ప్రార్థనా మందిరానికి ఫోను చేశాను. వాళ్ళు చెప్పారు. మాకు రోజు నిన్న సాయంత్రం పొద్దు గుంకినప్పుడే మొదలైంది. ఏటా కాగితంలో సాయంత్రమని రాసి ఉంటుంది. నీ ఫోను పొద్దున్నంటే, యంత్రానికి నాకంటే తెలుసు కదా అనుకున్నాను లా. ఎజ్రా రాత్రంతా చీకట్లో కూర్చున్నాడు."

"రోజు పొద్దున్నే కదా ఆంటీ మొదలయ్యేది" అన్నారు ఈయన, సాక్ష్యం చెప్పమన్నట్టు నా వంక చూస్తూ.

"ఎవరు చెప్పారు? మాకు ముందు చీకటి, తరవాత వెలుతురు."

లోకంలో మరే ప్రోగ్రామరు చేసినా ఈ యాప్‌లో రోజు అర్ధరాత్రి మొదలయ్యేది, వాళ్ళ తప్పు వాళ్ళు చేసేవారు. సూర్యోదయంతో మొదలుపెట్టే తప్పు చేయడానికి పంచాంగం చూసి పెరిగిన మనిషే కావాలి. వంటింట్లోంచి వదిన గారు అట్లకాడతో సహా వచ్చారు. "ఆ రోజే చెప్పాను, ఒకసారి ఆవిణ్ణి అడగండీ అని. విన్నారా? సూర్యుడు వీళ్ళ తాతగారి పాలేరైనట్టు మాట్లాడారు."

కామేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. పెసరట్టు పళ్ళెం నా వైపు తోసేశారు. (నేను తినలేదు. ఇది భాగించకండి.) వంటింట్లోకి వెళ్ళి నూనె సీసా తీసుకుని ఆంటీ వెనకే నడిచారు. క్షమించమని అడగలేదు. "ఇక్కడ కూర్చోవచ్చా ఆంటీ?" అని మాత్రం అడిగారు. ఆ గాజుగ్లాసు ముందు సాయంత్రం దాకా కూర్చుని, నూనె తగ్గినప్పుడల్లా పోశారు. మధ్యలో నేను తొంగి చూస్తే, ఆంటీ ఎజ్రా గారి గురించి చెబుతోంది, ఈయన వింటున్నారు. ఎజ్రా గారు గడియారాలు బాగుచేసేవారట. ఎవరి గడియారమైనా ఆలస్యంగా నడిస్తే తిట్టేవారట. ఆ మాటకి ఇద్దరూ నవ్వుతున్నారు.

ఆ తరవాత మొదలైంది ప్రాయశ్చిత్తం. నలభై సాయంత్రాలు ఆయన తొమ్మిదో అంతస్తు వరండాలో పడమటి కొసన నిలబడి సూర్యాస్తమయం చూశారు. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో నోటుపుస్తకం. సూర్యుడు మొహమాటపడి రెండు రోజులు మబ్బుల చాటున దిగిపోయాడని వినికిడి. ఎదురింటి వాళ్ళు ఆయన చాంగీ విమానాశ్రయం తరఫున విమానాలు లెక్కపెడుతున్నారనుకున్నారు. "లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి కదండీ, చూడ్డం దేనికి?" అని అడిగాను. "పుస్తకాల్లో ఉన్నది నాకు ముందే తెలుసోయ్. తెలుసు కాబట్టే తప్పు చేశాను" అన్నారు.

అప్పట్నుంచి యాప్ తెరవగానే అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న, పెద్ద పెద్ద అక్షరాల్లో: పొద్దు గుంకక ముందా, గుంకాకా? దానికి జవాబిస్తేగాని అడుగు ముందుకు పడదు. గుర్తుచేసే వేళ కూడా సూర్యాస్తమయానికి గంట ముందుకు మార్చారు, ఇంట్లో నూనె లేకపోతే కొట్టుకు వెళ్ళి రావడానికి వ్యవధి ఉండాలని.

ఇంకో చిక్కు వచ్చింది. క్యాలెండరు అంటే ఆఫీసువాళ్ళు మీటింగుల కోసం కనిపెట్టిన వస్తువు కదా. ఎజ్రా గారి రోజు పంపిస్తే దాని కింద మూడు బొత్తాలు వచ్చి కూర్చున్నాయి. 'మీరు వస్తున్నారా? అవును. కాదు. చెప్పలేను.' ఆంటీ మండిపడింది. "నా మొగుడి దీపానికి నేను వస్తున్నానా అని అడగడానికి ఇదెవరు?" ఈయన సిగ్గుపడి, తీసేస్తానన్నారు. ఆవిడ అప్పటికే 'అవును' నొక్కేసింది. గోడకు అటువైపు ఈయన ఫోను టింగుమంది.

"అదేమిటి చప్పుడు?"

"మీరు అవునన్నారని నాకు చెప్పింది ఆంటీ. పంపినవాడికి కబురు వస్తుంది."

ఆవిడ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఉండనీ. ఏటా నొక్కుతాను. నేనింకా ఉన్నానని నీకు తెలుస్తుంది."

ఈ యాప్ కీర్తి దిగ్దిగంతాలకు వ్యాపించిందని రాయాలని చెయ్యి లాగుతోంది. నిజానికి ఆంటీ ప్రార్థనా మందిరంలో ఓ పాతికమంది వాడారు. తరవాత మనవాళ్ళ తిథుల కోసం దానికే ఒక తెలుగు గది కట్టారు. దాని కోసం బూన్ లే నుంచి ఒక ఆదివారం అప్పన్న అని ఓడల యార్డులో పనిచేసే శ్రీకాకుళం మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. సోఫా అంచు మీద కూర్చున్నాడు.

"మా అయ్య ఏ రోజున పోనాడో తెల్దు బాబూ. పెద్ద తుపానొచ్చిన ఏడు. నాగుల చవితి ఇంక రెండు మూడు రోజులున్నాదనగా. కాయితమ్ముక్క లేదు."

ఇంకొకరైతే కాగితం లేదంటే కుదరదనేవారు. ఈయన కుర్చీ దగ్గరికి జరిపారు. "పొద్దు గుంకిందా అప్పటికి?"

"గుంకీసింది బాబూ."

"చందమామ ఉన్నాడా?"

అప్పన్న కళ్ళు మూసుకున్నాడు. "ఉన్నాడు. సన్నంగ, కొడవలి నాగ. మేం అయ్యని బయటికి తెచ్చీసరికి ములిగిపోనాడు."

"విదియ" అన్నారు కామేశ్వరరావు గారు. "కార్తీక శుద్ధ విదియ. మీ నాన్నగారు చెప్పే వెళ్ళారయ్యా, నువ్వు చూసే ఉన్నావు." అప్పన్న కళ్ళు తెరిచాడు. తరవాత, "అయితే మా అయ్యకీ ఒక రోజున్నాదన్నమాట" అన్నాడు. వదిన గారు కాఫీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

అంతా బాగానే ఉంది కాని ఆంటీకి లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ఒక సాయంత్రం మేమిద్దరం వరండాలో ఉండగా పైకి తీసింది.

"రావ్, నీ యాప్ ఎన్నేళ్ళ దాకా లెక్క కట్టింది?"

"వంద ఏళ్ళు ఆంటీ."

"నేను వంద ఏళ్ళుండను లా. నేను పోయాక కూడా ఫోను మోగుతుంది. ఎవరు వింటారు? ఎజ్రాకి ఎవరు పెడతారు?"

"నేను పెడతాను" అన్నారు ఈయన, పాలపాకెట్టు తెచ్చిపెడతానన్నంత మామూలుగా.

"నువ్వా? నీకు నాకంటే ఎక్కువ షుగరు. అన్నపూర్ణ చెప్పింది."

"అయితే నాకూ ఒక బ్యాకప్ పెడదాం. మా వృత్తిలో ఒక మాట ఉంది ఆంటీ. ఒక్క కాపీయే ఉన్నది లేనట్టే." అని నా వైపు తిరిగారు. ఆంటీ కూడా తిరిగింది. నేను ఎదురుగా ఎగురుతున్న విమానాన్ని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు నా ఫోనుకు ఆహ్వానం వచ్చింది. 'ఎజ్రా గారి దీపం. ప్రతి ఏడూ. ముగింపు తేదీ లేదు.' కింద మూడు బొత్తాలు. మధ్యాహ్నం ఆఫీసు కింద కాఫీకొట్టు దగ్గర ఆయన చూస్తుండగానే నేను 'అవును' అన్న బొత్తాన్ని ఫెళ్ళున నొక్కాను. ఆయన ఫోను టింగుమంది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఇక నాకు నిశ్చింత ప్రసాదూ" అన్నారు. ఎన్నడూ లేనిది ఆ పూట నాకు ఆయనే కాఫీ మోసుకొచ్చారు.

అది జరిగిన రెండేళ్ళకు ఆయనే ముందు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, వరండాలో సూర్యాస్తమయం చూసి, సోఫాలో కూర్చుని, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోగా తల పక్కకు వాల్చేశారు. నేను వెళ్ళేసరికి వదిన గారు ఆ గ్లాసు ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నారు.

మూడో రోజున మేఘన ఆయన ల్యాప్‌టాప్ తెరిచింది. "నాన్నని నాన్న యాప్‌లో పెట్టాలి కదా" అంది. చేతికర్రతో ఆంటీ కూడా వచ్చి కూర్చుంది. పేరు రాసింది పిల్ల. తేదీ రాసింది. అప్పుడు పెద్ద అక్షరాల్లో ఆ ప్రశ్న వచ్చింది. పొద్దు గుంకక ముందా, గుంకాకా?

పిల్ల చెయ్యి ఆగిపోయింది. "అమ్మా, ఇది నాన్నే అడుగుతున్నట్టు ఉంది లా."

"మన లెక్కకి పొద్దున మొదలైన రోజే" అన్నారు వదిన గారు మెల్లగా.

"ఏడు దాటి నలభై నిమిషాలు" అంది ఆంటీ. "నా లెక్కకి అప్పటికే మర్నాడు. మీ లెక్క కంటే నా లెక్కలో రావ్ ఒక రోజు ఎక్కువ బతికాడు. నా గదిలో కూడా పెట్టు పిల్లా. నాకు ఆ రోజు కావాలి."

మేఘన 'గుంకాక' నొక్కింది. రెండు గదుల్లోనూ ఆయనకు చోటు కుదిరింది. ఒకచోట తిథి, ఒకచోట హీబ్రూ తేదీ. తెలుగువాళ్ళలో రెండు పంచాంగాల్లో ప్రాణం విడిచిన మొదటివాడు ఆయనే అయి ఉంటాడు. దీన్ని నాలుగుతో భాగించినా ఆయనొక్కరే మిగులుతారు.

సూర్యచంద్రులను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన సంధాత, తనకు తెలిసినదాన్ని తిరిగి నేర్చుకున్న వినయశీలి, పరాయివాళ్ళ మృతులకు సొంతవాళ్ళతో సమానంగా తలుపు తీసిన గృహస్థు ఇక మన మధ్య లేరు. ఆయన కుర్చీలో ఆఫీసువాళ్ళు వేరొకర్ని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి చురుకైనది, తేదీల్లో తప్పు చేయదు. అయినా మొన్న మేనేజరు అలవాటుకొద్దీ ఆ కుర్చీ దగ్గరికొచ్చి, ఏదో అడగబోయి, ఆగి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన లేని లోటుకు అంతకంటే కొలత నాకు దొరకలేదు.

ఇక లెక్క సరిచూడాలి. మేనేజరు సర్వర్ మీద ఒత్తిడి గురించి అడిగింది ఒక్కసారే, పెళ్ళిచూపులు నా కల్పన. నలభై సాయంత్రాలు కావు, వదిన గారి లెక్కలో పదకొండు. కామేశ్వరరావు గారు అయిదడుగుల ఆరంగుళాలు. ఒక పెన్ను రాసేది. ఇవన్నీ అతిశయోక్తులు, భాగిస్తే ఎంతోకొంత నిజం మిగులుతుంది. ఏమీ మిగలనిది ఒకటుంది. కాఫీకొట్టు.

ఆ ఆహ్వానాన్ని నేను రైల్లో, ఒంటరిగా చూశాను. ప్రతి ఏడూ, ముగింపు తేదీ లేదు అని చదివి, ఎవరి దీపమో నాకెందుకనుకున్నాను. 'కాదు' అనే ధైర్యం లేదు, 'అవును' అనే మనసు రాలేదు. ఫోను జేబులో పెట్టేసుకున్నాను. నా భుజం మీద ఆయన చెయ్యి వేయలేదు. నిశ్చింత అనలేదు. రెండేళ్ళలో ఒక్కసారి మాత్రం, "ప్రసాదూ, ఫోను చూస్తుంటావా?" అని అడిగారు. "చూస్తుంటానండీ" అన్నాను. మళ్ళీ అడగలేదు.

మూడో రోజున ఆ ల్యాప్‌టాప్ ముందే మేఘన ఇది కూడా చూసింది. "అంకుల్, ఎజ్రా అంకుల్ ఇన్వైట్‌కి నాన్న ఎస్, ఆంటీ ఎస్. నీది బ్లాంక్. నువ్వు రిప్లై చెయ్యలేదా?" నిందగా అనలేదు పిల్ల. "ఫోను మార్చానమ్మా" అన్నాను. అది రెండో అబద్ధం. ఆంటీ నా వంక చూసి, కర్ర అందుకుని లేచింది.

ఈ వ్యాసం కాఫీకొట్టు దాకా రాసి, ఆ పేరా చదువుకుని, ఇవాళ మధ్యాహ్నం ఆహ్వానాన్ని వెతికి తీశాను. మూడు బొత్తాలూ అలాగే ఉన్నాయి. 'అవును' నొక్కాను. ఫెళ్ళుమనలేదు. గాజు మీద వేలు పెడితే చప్పుడు రాదు.

రెండు నిమిషాలకు మేఘన సందేశం: "అంకుల్, నాన్న ఫోన్ మోగింది. నీ పేరు వచ్చింది."

కాసేపటికి ఇంకొకటి: "అమ్మ ఆ ఫోన్ పట్టుకుని పక్కింటికి వెళ్ళింది."

ఎజ్రా గారి రోజు వచ్చే నెల్లో, బుధవారం సాయంత్రం మొదలవుతుంది. పొద్దు గుంకడానికి గంట ముందే నేను బెడోక్‌లో ఉండాలి. నూనె నేను తెస్తాను.